వేరుశనగ పాలతో ఇంటిలో పెరుగు

పెరుగు లేనిదే మన భోజనము ముగియదు. ఎన్ని కూరలు వడ్డించినను, చివర నాలుగు ముద్దలు పెరుగన్నము తిననిచో కడుపు నిండినట్లుండదు. కాని పెరుగు అన్ని ఇండ్లలోను, అన్ని దినములలోను దొరకునది కాదు. వేసవిలో గేదె వట్టిపోవును. పాడియున్న ఇంటిలో సైతము ఉదయము పితికిన పాలు పితికినట్లే పాల కేంద్రమునకు చేరుచున్నవి. ఇంటివారికి మిగులునది ఒక గ్లాసు. ఇవిగాక పాలు త్రాగినచో కడుపుబ్బి విరేచనములగువారు కొందరు, పాలు అసలే పడనివారు కొందరు, జంతువుల నుండి వచ్చు ఆహారము వలదని నియమము పెట్టుకొన్నవారు కొందరు కలరు. ఇట్టివారికి ఉపకరించునట్లు మన పొలములో పండు వేరుశనగతోనే పెరుగు తోడుపెట్టుకొను విధానమును ఇచ్చట వివరించుచున్నాము.

ఇది క్రొత్త సంగతి కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కెగీ విద్యాలయములో వ్యవసాయము బోధించిన జార్జి వాషింగ్టన్ కార్వర్, 1921లో ఆ దేశపు చట్టసభ సంఘము ఎదుట వేరుశనగ నుండి తీసిన పాలను చూపెను. మన దేశములో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వారు వేరుశనగ పాలపైనను, పెరుగుపైనను పనిచేసిరి. వేరుశనగ మాంసకృత్తులను కలిపి పాలను పెంచు ‘మిల్టోన్’ అను పానీయమును కూడ తయారుచేసిరి. అయినను ఇది మన వంటిండ్లలోనికి అంతగా రాలేదు. ప్రయత్నించినవారిలో పలువురు మొదటిసారి విఫలులై విడిచిపెట్టుటయే అందులకు ఒక కారణమని నా అభిప్రాయము. నేనును అట్లే విఫలుడనైతిని. ఆ సంగతి తరువాత చెప్పెదను.

పెరుగు ఎట్లు తోడుకొనును?

ఆవు పాలలో లాక్టోజ్ అను చక్కెర కలదు. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును తయారుచేయును. పులుపు ఒక మట్టునకు చేరగానే పాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి పట్టుకొని వలవలె అల్లుకొనును. నీరు, వెన్న ఆ వలలో చిక్కుకొనును. అదియే పెరుగు.

వేరుశనగ పాలలోని మాంసకృత్తులు కూడ ఇంచుమించు అదే పులుపునకు పేరుకొనును. కనుక పెరుగు తోడుకొనుటకు అభ్యంతరము లేదు. అయితే రెండు భేదములు కలవు. మొదటిది, వేరుశనగ పాలలో లాక్టోజ్ లేదు. గింజలోని మామూలు చక్కెర కొద్దిగా పాలలోనికి దిగును గాని, అది చాలదు. ఆ కొద్దిలో కొంత నానబెట్టిన నీటితో పోవును. కావున పైనుండి కొంచెము చక్కెర వేయవలెను. రెండవది, వేరుశనగ మాంసకృత్తుల అల్లిక పాల మాంసకృత్తుల అల్లికవలె గట్టిది కాదు. కొద్దిగా పిండి చేర్చి కాచిననే గరిటెకు వచ్చు పెరుగగును. లేనిచో చిక్కని మజ్జిగవలె ఉండును. ఈ రెండు సంగతులు తెలియకపోవుటచేతనే మొదటి ప్రయత్నములు చెడుచున్నవి.

గింజల ఎన్నిక

ఈ వ్యాసములో మిగిలినదంతయు మరచినను ఈ భాగమును మరువరాదు.

వేరుశనగకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టును. ఈ బూజు అఫ్లటాక్సిన్ అను విషమును తయారుచేయును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, కారణము వెదకినవారు చివరకు వాటి మేతలోని వేరుశనగ పిండియందు ఈ విషమును కనుగొనిరి. ఇది కాలేయమును చెరుపును. కొద్దికొద్దిగా చాలకాలము తిన్నచో కాలేయ క్యాన్సరునకు దారితీయును. పాలు కాచినంత మాత్రమున ఈ విషము నశించదు. పులియబెట్టినను పోవునని నమ్మి యుండరాదు.

మరియొక సంగతి గమనింపవలెను. గానుగ ఆడినపుడు ఈ విషములో అధిక భాగము నూనెలోనికి పోక చెక్కలోనే మిగులును, ఏలనన అది మాంసకృత్తులను అంటిపెట్టుకొని యుండును. మనము పాలు తీయునపుడు కోరి తీసుకొనునది ఆ మాంసకృత్తులనే. కనుక నూనెకు పనికివచ్చునని గానుగకు పంపు మూడవ రకపు గింజ, పాలకు ఎంతమాత్రము పనికిరాదు.

నా సొంత అనుభవము చెప్పెదనంటిని. మొదటిసారి మా ఇంట ఈ పెరుగు చేసినపుడు, సంచి అడుగున మిగిలిన పాత గింజలుండగా క్రొత్తవి ఎందుకని వాటినే నానబెట్టితిని. పాలు కొంచెము చేదైనవి. పొట్టు చేదు కాబోలునని సరిపెట్టుకొని తోడువేసితిని. మరునాడు నా భార్య ఒక చెంచా నోట పెట్టుకొని ఉమ్మివేసి, సంచి దులిపి చూపినది. అడుగున ముడుతలు పడిన గింజలు, రెండు మూడు ఆకుపచ్చని బూజు పట్టినవి. తరగతిలో గింజల నిల్వను గురించి గంటసేపు పాఠము చెప్పువాడను, ఇంటిలోని సంచిని చూచుకొనలేదు. ఆ కుండెడు పెరుగును గోతిలో పోసి మట్టి కప్పితిమి.

కావున గింజలను చేటలో పోసి, వెలుతురులో కూర్చుండి ఏరవలెను. ముడుతలు పడినవి, రంగు మారినవి, పగిలినవి, పురుగు తొలిచినవి, మొలక వచ్చినవి, బూజు వాసన కలవి అన్నియు తీసివేయవలెను. నానబెట్టునపుడు నీటిపై తేలిన వాటిని కూడ పారవేయవలెను. నోట వేసుకొనగా చేదనిపించిన గింజ మ్రింగరాదు. ఏరగా మిగిలిన చెడు గింజలను పశువులకు పెట్టుదమని తోచును. అదియు తగదు. పాడిపశువు ఆ విషమును తిన్నచో దానిలో కొంత రూపము మారి పాలలోనికి వచ్చును. తిరిగి మన బిడ్డలకే చేరును.

పాలు తీయు విధానము

ఏరిన గింజలు 250 గ్రాములు తీసుకొనవలెను. కదిరి-6 వంటి చిన్న గింజ రకములైనను, లావు గింజ రకములైనను సరియే. వాటిని రెండు సార్లు కడిగి, మునుగునంత నీరు పోసి, చిటికెడు తినే సోడా వేసి 6 నుండి 8 గంటలు నానబెట్టవలెను. రాత్రి నానవేసి ఉదయము తీయుట వీలుగా ఉండును. ఎండకాలములో ఇంతకంటె ఎక్కువసేపు ఉంచినచో నీరు పులిసి వాసన వచ్చును. సోడా వేయుటవలన పచ్చి వాసన తగ్గును, మాంసకృత్తులు నీటిలోనికి బాగుగా దిగును. అయితే చిటికెడు మించరాదు.

నానిన నీటిని పారబోసి, గింజలను మరుగుచున్న నీటిలో 2, 3 నిమిషములు ఉంచి తీసి చన్నీటిలో వేయవలెను. ఇపుడు చేతులతో నలిపినచో ఎర్రని పొట్టు సులభముగా ఊడివచ్చును. పొట్టు మిగిలినచో పెరుగునకు వగరు, ఎరుపు రంగు వచ్చును. కొందరు గింజలను వేయించి పొట్టు తీయుదురు. దోరగా వేడిచేసిన ఫరవాలేదు; పల్లీల పొడికి వేయించినట్లు ఎర్రగా వేయించినచో మాంసకృత్తులు బిగిసి పాలలోనికి దిగవు. పాలు పలుచనగును, పిప్పి ఎక్కువగును.

పొట్టు తీసిన గింజలను రోటిలోగాని, గ్రైండరులోగాని, మిక్సీలోగాని వెన్నవలె మెత్తగా రుబ్బవలెను. ఇందులకు మొత్తము ఒకటింబావు లీటరు మంచినీరు వాడవలెను: సగము రుబ్బునపుడు, మిగిలినది పిప్పిని రెండవసారి పిండుటకు. ఉతికి కాచిన పలుచని పంచె గుడ్డలో వడపోసి గట్టిగా పిండవలెను. ఒక లీటరునకు పైగా తెల్లని చిక్కని పాలు వచ్చును. పిప్పిని పారవేయనక్కరలేదు. ఆనాడే పచ్చడిలోగాని, వేపుడులోగాని, రొట్టెల పిండిలోగాని కలిపి వాడుకొనవచ్చును. తడి పిప్పి పూట దాటినచో పాడగును.

ఈ పాలలో మాంసకృత్తులు ఇంచుమించు ఆవు పాలలో ఉన్నంత ఉండును. నూనె భాగము గేదె పాలలోని వెన్నంత ఉండును. చూడబోతే పాలవలెనే ఉన్నది కదా యని దీనిని పాలతో సమానముగా తలంచు ప్రమాదము కలదు. ఆ విషయము క్రింద వ్రాసితిని.

కాచుట, తోడుపెట్టుట

లీటరు పాలకు రెండు చిన్న చెంచాల చక్కెర, రెండు పెద్ద చెంచాల బియ్యపు పిండి చొప్పున తీసుకొని, పిండిని ముందుగా గ్లాసెడు చల్లని పాలలో ఉండలు లేకుండ కలిపి మిగిలిన పాలలో పోయవలెను. చక్కెరకు బదులు బెల్లము వేయవచ్చును గాని పెరుగు రంగు తగ్గును. మందపాటి గిన్నెలో సన్నని మంటపై విడువక కలుపుచు కాచవలెను. వేరుశనగ పాలు ఆవు పాలకంటె త్వరగా అడుగంటును, త్వరగా పొంగును. పొయ్యి దగ్గర మనిషి ఉండితీరవలెను. పొంగు వచ్చిన తరువాత 10 నిమిషములు కాగనిచ్చినచో పచ్చి వాసన పోవును, గింజలోని జీర్ణమును అడ్డగించు పదార్థములు తగ్గును, కోరని సూక్ష్మజీవులు చచ్చును.

కాగిన పాలపై మూత వేసి ఆరనీయవలెను. శుభ్రమైన చిటికెన వ్రేలు ముంచి పది లెక్కపెట్టువరకు ఓర్చుకొనగలిగినంత వేడి సరియైనది. ఉష్ణమాపకమున్నవారు 40 నుండి 43 డిగ్రీల సెంటిగ్రేడు చూచుకొనవలెను. అంతకు మించిన వేడిలో తోడు వేసినచో అందలి సూక్ష్మజీవులు చచ్చును. బొత్తిగా చల్లారిన పిమ్మట వేసినచో తోడుకొనుటకు ఆలస్యమై, ఆ సందున వేరు సూక్ష్మజీవులు చేరి వాసన కలిగించును.

ఇక తోడు సంగతి. కేవలము పాలకొరతచే దీనిని చేసికొనువారు మామూలు పెరుగునే లీటరునకు రెండు చెంచాలు వేయవచ్చును. ఇది సులువైన మార్గము. పాలు పడనివారు, పాలు ముట్టనివారు ఈ పద్ధతిని అనుసరింపరాదు. పాలకు ఒడలు దద్దురులెక్కువారికి, ఊపిరి అందనివారికి ఆ రెండు చెంచాలే హాని చేయవచ్చును.

అట్టివారికి మన పెద్దలెరిగిన ఉపాయమొకటి కలదు. తోడు దొరకని దినమున పాలలో మిరపకాయ తొడిమలు వేయుట పలు ఇండ్లలో నేటికిని కలదు. తొడిమలపై సహజముగా ఉండు సూక్ష్మజీవులలో పులుపు పుట్టించునవి కూడ ఉండుటయే ఇందలి రహస్యము. మందులు చల్లని పెరటి చెట్టు పచ్చిమిరపకాయల నుండి 8, 10 తొడిమలు త్రుంచి కడిగి, ఒక గిన్నెడు గోరువెచ్చని వేరుశనగ పాలలో వేసి, మూతపెట్టి 10 నుండి 12 గంటలు వెచ్చని చోట ఉంచవలెను. పాలు పేరుకొని పుల్లని మంచి వాసన వచ్చినచో తొడిమలు తీసివేయవలెను. దీనిని తినరాదు, తోడుగా మాత్రమే వాడవలెను. దీనితో తోడుపెట్టిన రెండవ పెరుగు కొంచెము జిగురుగానో, ఘాటుగానో ఉండవచ్చును. దానిలో రెండు చెంచాలు తీసి మూడవది తోడుపెట్టవలెను. మూడవ, నాల్గవ విడతలకు రుచి కుదురును. అప్పటినుండి ఏనాటి పెరుగు ఆనాటి తోడుకు ఒక చెంచా దాచుకొన్న చాలును. నిమ్మరసముగాని, చింతపండు పులుసుగాని వేసినచో పాలు విరుగును గాని అది పెరుగు కాదు. అందు సూక్ష్మజీవుల పని జరుగలేదు.

తోడు కలిపిన పాలను మట్టికుండలోగాని, మందపు గిన్నెలోగాని పోసి కదల్పకుండ ఉంచవలెను. వేసవిలో 6 నుండి 8 గంటలు, చలికాలములో 10 నుండి 12 గంటలు పట్టును. చలిరోజులలో కుండ చుట్టు గోనెసంచి చుట్టి వరిగడ్డిలో ఉంచినచో వేడి నిలుచును. పైన పసుపుపచ్చని మీగడ కట్టును. అది వేరుశనగ నూనె. అడుగున కొంచెము నీరు దిగినచో కంగారుపడనక్కరలేదు. గట్టి పెరుగు కావలెననువారు గుడ్డలో కట్టి గంటసేపు వ్రేలాడదీయవచ్చును. ఈ పెరుగును చిలికినచో వెన్న రాదు. చల్ల మాత్రము బాగుండును.

కుండలో ఆకుపచ్చ, నలుపు, గులాబి రంగు మచ్చలు కనిపించినను, తీగవలె సాగినను, కుళ్ళు వాసన వచ్చినను, మచ్చ ఉన్నచోటు తీసివేసి మిగిలినది వాడుదమనుకొనరాదు. మొత్తమును పారబోసి, కుండను మరుగు నీటితో కడిగి, క్రొత్త తోడుతో ఆరంభింపవలెను. బాగుగా కుదిరిన పెరుగును ఆనాడే వాడుట మేలు. ఫ్రిజ్‌లో ఉంచినచో రెండు, మూడు దినములు నిలుచును.

అన్నములో కలుపుకొనుటకు ఆవాలు, అల్లము, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టినచో వేరుశనగ వాసన చాలవరకు మరుగుపడును. మజ్జిగ పులుసు చేయువారు పొయ్యి దించిన తరువాతనే దీనిని కలుపవలెను. మరిగించినచో విరిగి పలుకులగును.

పాలకు బదులా, పెరుగుకు బదులా?

ఒక గ్రామములో ఈ పెరుగు తయారుచేసి చూపుచుండగా, ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ అంతయు విని, “సారూ, మా మనుమరాలికి ఏడాది నిండలేదు. తల్లికి పాలు చాలవు. బర్రె వట్టిపోయింది. ఈ బుడ్డల పాలే పట్టమంటావా?” అని అడిగినది. ఆమె ప్రశ్న విన్న తరువాతనే ఈ వ్యాసములో ఈ భాగము తప్పక ఉండవలెనని తలంచితిని.

“వద్దవ్వా” అంటిని. ఏలనన, 100 గ్రాముల ఆవు పాలలో సుమారు 120 మిల్లిగ్రాముల కాల్షియము ఉండును. 100 గ్రాముల వేరుశనగ గింజలలోనే 100 మిల్లిగ్రాములకంటె తక్కువ. వాటిని అయిదింతల నీటిలో కలిపిన పాలలో 20 మిల్లిగ్రాములు కూడ ఉండదు. బి-12 విటమిను వేరుశనగలో బొత్తిగా లేదు. మాంసకృత్తులు పరిమాణములో చాలినన్ని ఉన్నను, లైసీన్, మిథియోనీన్ అను భాగములు తక్కువ. పెద్దవారు పప్పు, అన్నము, కూరలతో కలిపి తినుటచే ఆ లోటు పూడును. కేవలము దానిపైననే ఆధారపడు పసిబిడ్డకు పూడదు. ఆరు నెలల వరకు తల్లి పాలే బిడ్డకు ఆహారము. తరువాత తగిన మెత్తని ఆహారముతో పాటు రెండేండ్ల వరకు తల్లి పాలు కొనసాగవలెను. తల్లికి పాలు చాలనిచో ఆశా కార్యకర్తతోగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునితోగాని చెప్పవలెను. ఆ దినమే ఆ అవ్వను అంగన్‌వాడీ కార్యకర్తకు అప్పగించి వచ్చితిని. మరియు వేరుశనగ పడనివారును కొందరు కలరు. తిన్నవెంటనే దద్దురులు, ముఖము వాచుట, ఆయాసము కలిగినవారు దీనిని ముట్టరాదు, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

పెద్దల విషయములో ఈ పెరుగు పెరుగుకు బదులు చక్కగా పనిచేయును. పాలు బొత్తిగా మానినవారు మాత్రము కాల్షియమునకు వేరు దారి చూచుకొనవలెను. ఆ దారి రాయలసీమ వారి ఇంటిలోనే ఉన్నది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లిగ్రాములకు పైగా కాల్షియము కలదు. పొట్టు తీయని నువ్వులలో అంతకు ఎన్నో రెట్లు కలదు. రాగి అంబలిలో వేరుశనగ మజ్జిగ కలుపుకొన్నచో రుచికి రుచి, బలమునకు బలము. బియ్యపు పిండికి బదులు రాగి పిండితోనే పెరుగును చిక్కబరచవచ్చును; రంగు మాత్రము గోధుమ వన్నె అగును. బి-12 విషయములో ఇట్టి ఇంటి ఉపాయము లేదు. పాలు, గుడ్లు, మాంసము అన్నియు మానినవారు వైద్యుని అడిగి ఆ విటమినును తీసుకొనవలెను.

మహిళా సంఘములవారు దీనిని చేసి అమ్ముదమా యని అడుగుచున్నారు. అమ్మవచ్చును. కాని ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకొనవలెను. మొక్కల నుండి చేసిన ఇట్టి పదార్థముపై జంతువుల పాలకు చెందిన పేర్లు ముద్రింపరాదని ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ నియమము కలదు. చీటీ అచ్చు వేయించుటకు ముందే పేరు విషయము ఆ అధికారులతో తేల్చుకొనవలెను. గింజల నాణ్యతపై పూర్తి నమ్మకము లేనివారు ఈ వ్యాపారమునకు దిగకుండుటయే మంచిది.

ఇంటి వాడకమునకు ప్రత్యేకపు సంచి

పాలకు తగిన గింజ దుకాణములోకంటె మన పొలములోనే తయారగును. పంట చివరలో బెట్ట తగిలినచో, భూమి వేడెక్కి కాయ నేలలో ఉండగనే బూజు చేరును. నీటి వసతి ఉన్నవారు ఆ దశలో ఒక తడి ఇచ్చినచో చాల మేలు. బెట్టకు ముందే ఎండిన మొక్కల కాయలను, పీకునపుడు గునపము, పార తగిలిన కాయలను ఇంటి వాడకమునకు కలుపరాదు. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఎండబెట్టవలెను. కాయను ఊపగా గింజ గలగలలాడవలెను. నిల్వకు తేమ 8, 9 శాతము మించరాదు.

ఒలుచుటకు సులువగునని, గింజ పగులదని కొందరు కాయలపై నీళ్ళు చల్లుదురు. బూజునకు ఇంతకంటె మంచి ఆహ్వానము మరియొకటి లేదు. అమ్మకమునకు ఏమి చేసినను, ఇంటికి వాడునవి పొడిగానే, చేతితో ఒలిచినవి కావలెను. అందులకు కోతల నాడే రెండు సంచుల మంచి కాయలను వేరుచేసి, సంచిపై గుర్తు వేసి, గోడకు తగులకుండ చెక్క బల్లపై ఉంచి, కావలసిన 250 గ్రాముల గింజలను ఏనాటివి ఆనాడు ఒలుచుకొనవలెను.